తొరీ పక్కన అడుగులు

పన్నెండింటికి జీపు బయలుదేరుతుందని, అందులో పూజారి కోడలు ఒరియే ఉంటుందని ఇన్‌స్పెక్టర్ కుజే చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు పెంచలేదు.

"ఇంకా గంటన్నర టైముంది కదా," అన్నాడు మినెగిషి.

"నాకుంది. మీకు లేదు. మీరు సెలవులో ఉన్నారు, మినెగిషి గారూ. భార్య పోయి నెల తిరగలేదు. ఇంట్లో కూర్చుని ఆవిడ పటం దగ్గర దీపం చూసుకోవలసిన మనిషి ఈ మంచులో కొండెక్కి నా కేసులోకి ఎందుకొచ్చారో నాకు అర్థం కావటం లేదు."

"ఆ అమ్మాయి ఫోన్ చేసింది."

"అనుమానితురాలు ఫోన్ చేస్తే మీరొచ్చారు. బాగుంది. ఈ ముక్క మన ఆఫీసు పెద్దాయనకి నేను చెప్పనా, మీరే చెప్పుకుంటారా?"

"మీరే చెప్పండి. మీరైతే బాగా చెబుతారు."

పక్కనే నిలబడ్డ కానిస్టేబుల్ హత్తా తల దించుకున్నాడు. ఈ లోయలో పుట్టి ఈ లోయలోనే ఉద్యోగం చేస్తున్నవాడు. ఇద్దరు ఇన్‌స్పెక్టర్ల మధ్య నవ్వటం క్షేమం కాదని అతనికి తెలుసు.

ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. మినెగిషి సెలవు పెట్టాక ఆయన కుర్చీలో కుజే కూర్చున్నాడు. ఈ హత్య ఆ కుర్చీలో అతనికి దొరికిన మొదటి పెద్ద కేసు. దాన్ని మధ్యాహ్న భోజనం లోపల ముగించాలని చూస్తున్నాడు.

చనిపోయినవాడు అడవిలోని గుడికి పూజారి, ఇసోబే మసానోబు. డెబ్బై దాటిన మనిషి. రోజూ చీకటితోనే ఇంటి నుంచి బయలుదేరి, తలుపుల్లేని ఆ కొయ్య ద్వారం, తొరీ, దాటి, దేవదారుల మధ్య మెట్లెక్కి, గుడి వెనక ఊట దగ్గర దేవుడికి తొలి నీళ్ళు పట్టేవాడు. ఈ ఉదయం ఆ ఊట తొట్టి పక్కనే పడి ఉన్నాడు. తల వెనక భాగం రాతి అంచుకి తగిలి పగిలింది. చూసింది కోడలు ఒరియే. భర్త పోయిన తరువాత కూడా మామగారి దగ్గరే ఉండిపోయిన మనిషి.

"వినండి," అన్నాడు కుజే. "మంచు తెల్లవారుజామున అయిదింటి దాకా కురిసింది. ముసలాయన నాలుగింటికే వెళతాడు కాబట్టి ఆయన అడుగులు మంచు కింద పడిపోయాయి. మంచు ఆగాక ఊట దాకా వెళ్ళినవి ఒక్క ఒరియే అడుగులే. రాత్రి ఆవిడ ఆయనతో గొడవ పడింది. పక్కింటావిడ విన్నది. ఇంతకన్నా ఏం కావాలి?"

"మంచు ఆగకముందు ఇంకొకరు వచ్చి వెళ్ళి ఉంటే, వాళ్ళ అడుగులూ మంచు కిందే ఉంటాయి."

"ఉంటాయి. ఎలుగుబంటి కూడా వచ్చి ఉండొచ్చు. డాక్టరు సాయంత్రానికి గాని రాడు. అప్పటిదాకా చేతిలో ఉన్నదానితో పని చేస్తాను."

"చోటు ఒకసారి చూడనివ్వండి. తరువాత ఆ అమ్మాయితో నాలుగు మాటలు, మీ ఎదురుగానే."

కుజే ఒక్క క్షణం ఆలోచించాడు. కాదంటే భయపడ్డట్టు ఉంటుంది. "రండి," అని ముందు నడిచాడు.

తొరీ కింద మంచు అంతా పోలీసు బూట్లతో చితికిపోయి ఉంది. కుజే దారి నట్టనడుమ నుంచే నడిచి లోపలికి వెళ్ళాడు. మినెగిషి ద్వారం ముందు ఆగి తల వంచాడు. తరువాత దారి దిగి, ఎడమ స్తంభానికి అవతలగా, పొదల పక్క నుంచి నడవబోయాడు.

"స్తంభం తగులుతుందని భయమా?" అన్నాడు కుజే వెనక్కి తిరిగి.

"మైలలో ఉన్నాను. యాభై రోజులు నిండేదాకా కింద నుంచి రాకూడదు."

"పట్నంలో ఇవన్నీ ఎవరు పాటిస్తున్నారండీ?"

"మా ఆవిడ ఈ లోయ మనిషి. ఆవిడ ఉంటే ఇలాగే నడవమనేది."

మినెగిషి అడుగు వేయబోయి ఆగిపోయాడు. ఆయన నడవబోయిన చోట అంతకుముందే అడుగులున్నాయి.

తోలు బూట్లవి, మడమ గుర్తుతో సహా. పైకి ఎక్కుతున్నవి కొన్ని, కిందికి దిగినవి కొన్ని. వాటి మధ్య గడ్డితో అల్లిన మంచు బూట్ల గుర్తులు. ఇవి కిందికి దిగినవి మాత్రమే. అడుగుకీ అడుగుకీ మధ్య చాలా దూరం ఉంది. వేళ్ళ దగ్గర మంచు లోతుగా తెగింది. పరిగెత్తిన మనిషి.

మినెగిషి మోకాళ్ళ మీద వంగాడు. ఒకచోట చాలాసేపు చూశాడు. తరువాత ద్వారం వైపు తిరిగి, కుడి స్తంభం మొదట్లో పోలీసు బూట్లు పడని అంచుని చూశాడు. అక్కడ గడ్డి బూట్లు రెండూ పక్కపక్కన, ముఖం గుడి వైపుగా, నిలబడిన గుర్తు ఉంది. పైకి వెళ్ళేటప్పుడు ఎవరో ద్వారం ముందు ఆగి నమస్కరించి, దేవుడు నడిచే నడిమి దారి వదిలేసి, ఓరగా కింద నుంచి వెళ్ళారు.

"అవి నేను పొద్దున్నే చూశాను," అన్నాడు కుజే. "గడ్డి బూట్లు కోడలివి, తోలు బూట్లు చనిపోయినాయన తమ్ముడివి. ఇంట్లో చావు జరిగింది కాబట్టి ఇద్దరూ మీలాగే పక్క నుంచి నడిచారు. ఆచారమని హత్తా చెప్పాడు. నేను ఊరికే తిరగటం లేదు ఇక్కడ."

"చూశారన్నమాట."

"చూశాను. అందులో ఏముంది?"

మినెగిషి ఆకాశం వైపు చూశాడు. ఎండ దేవదారుల కొసల మీదికి వచ్చేసింది. పై కొమ్మల నుంచి నీళ్ళు కారటం మొదలైంది. ఒక చుక్క ఆ అడుగులకి జానెడు దూరంలో పడి మంచులో చిన్న గుంట చేసింది.

"హత్తా, ఇళ్ళలో ఉన్న గొడుగులన్నీ పట్టుకురా. ఈ గుర్తుల మీద వరసగా పెట్టు. స్తంభం దగ్గరున్న వాటి మీద కూడా. ఒక్క చుక్క పడకూడదు. ఎవరినీ ఈ పక్కకి రానివ్వకు."

హత్తా కుజే ముఖం చూశాడు. కుజే భుజాలు ఎగరేశాడు. "తీసుకురా. సంతాపంలో ఉన్నవాళ్ళ కోరిక తీర్చాలి."

మినెగిషి ఆ గుర్తులకి ఇంకా ఎడంగా, పొదలు విడదీసుకుంటూ నడిచి అవతల దారిలో కలిశాడు.

గుడి చిన్నది. పైకప్పు మీది చెట్టు బెరడు నాచు పట్టి పచ్చగా ఉంది. మినెగిషి మెట్ల దాకా వెళ్ళకుండా దూరం నుంచే చుట్టి వెనక్కి వెళ్ళాడు. ఊట మీద నాలుగు స్తంభాల కప్పు ఉంది. వెదురు గొట్టంలోంచి నీళ్ళు రాతి తొట్టిలో పడుతున్నాయి. ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కప్పు కింద మంచు పడలేదు. నేలంతా ఎండు ఆకులు.

ఆయన చేతులు జోడించి, ముసలాయన మీద కప్పిన చాప పక్కకి తీశాడు.

ముసలాయన కళ్ళు మూసి ఉన్నాయి. కుడి చేతి పక్కన వెదురు గరిటె ఉంది. తొట్టి మీద దాని చోట అది లేదు. తల కింద ఆయన తువ్వాలే నాలుగు మడతలు పెట్టి ఉంది. మినెగిషి ఒక్కో మడతా వేలితో కదిపి చూశాడు. రక్తం అడుగు మడత దాకా దిగి తడిసిపోయింది. తల పక్కనే ఎండు ఆకులు ఒకచోట అణిగి ఉన్నాయి. మనిషి కూర్చుంటే అణిగినట్టు.

"చంపాక జాలి పుట్టి తల కింద పెట్టి ఉంటుంది," అన్నాడు కుజే. "ఆడవాళ్ళ పని అలాగే ఉంటుంది."

మినెగిషి వెంటనే లేవలేదు. చాపని ముసలాయన గడ్డం దాకా సర్ది, ఒక అంచు మడత పడితే దాన్ని సరిచేశాడు. ఆసుపత్రిలో దుప్పటి సర్దినట్టుగా. తరువాత లేచి, "వెళదాం," అన్నాడు.

పూజారి ఇల్లు తొరీకి బయట, దిగువన ఉంది. గుమ్మం దగ్గర గడ్డి బూట్లు, వాటి పక్కన ఖరీదైన తోలు బూట్లు తడిసి ఉన్నాయి. మినెగిషి వాటిని ఒకసారి తిప్పి అడుగు భాగం చూసి, మళ్ళీ ఎలా ఉన్నవి అలా పెట్టాడు.

లోపల పక్కింటి తోమె అవ్వ అందరికీ టీ పోస్తోంది. కుజే కప్పులో మాత్రం సగమే పోసింది.

"రాత్రి గొడవ విన్నది మీరేనా అవ్వా?" అడిగాడు మినెగిషి.

"విన్నానని కాదు నాయనా, వినపడింది. గోడ పలచన, నా చెవి మందం కాదు. 'నా వల్ల కాదు మామయ్య గారూ, నన్ను వదిలెయ్యండి' అంది ఒరియే. ఈ బాబు అంతవరకు రాసుకున్నాడు."

"దానికి ఆయనేమన్నారు?"

"'నువ్వు కాకపోతే ఈ దేవుడికి ఇంకెవరున్నారమ్మా' అన్నాడు. ఆ ముక్క కూడా రాసుకో బాబూ అంటే, చాల్లే అవ్వా అన్నాడు. పెన్సిలు అరిగిపోతుందనుకున్నాడో ఏమో."

కుజే ఆ సగం కప్పు పక్కన పెట్టాడు.

ఒరియే లోపలి గదిలో కుంపటి ముందు కూర్చుని ఉంది. గుమ్మంలో ఒక పోలీసు. మినెగిషిని చూడగానే ఆమె నేల దాకా వంగింది. కొంతసేపు లేవలేదు.

"టీచరమ్మ పోయారని ఆలస్యంగా తెలిసింది. రావాలనుకున్నాను. మామయ్య గారికి దగ్గుగా ఉండి..."

"అది తరువాత మాట్లాడుకుందాం ఒరియే. పొద్దున ఏం జరిగిందో వరసగా చెప్పు. తొందర పడకు."

ఒరియే చేతులు ఒళ్ళో పెట్టుకుంది. బళ్ళో పాఠం అప్పజెప్పేటప్పుడు ఈ లోయ పిల్లలందరూ అలాగే కూర్చునేవాళ్ళు. మినెగిషి భార్య, టీచరు చిసాతో, నేర్పిన పద్ధతి అది.

"ఇవాళ ఒకటో తారీకు. బియ్యం, ఉప్పు, ముల్లంగి, ఎండుచేప పళ్ళెంలో పెట్టుకుని ఆరున్నరకి పైకి వెళ్ళాను. నైవేద్యాల గదిలో పెట్టి ఆయన కోసం చూశాను. లోపల గర్భగుడిలో ఉన్నారనుకున్నాను. లోపల ఉంటే పిలవకూడదు. కొంతసేపటికి చిన్న మామయ్య గారు వచ్చారు."

"కనామె గారు."

"ఆయనే. ప్రతి ఒకటో తారీకూ తొలి బస్సులో పట్నం నుంచి వస్తారు. 'అన్నయ్య ఏడమ్మా' అన్నారు. లోపలున్నారేమో అన్నాను. 'ఒకసారి ఊట దగ్గర చూసి రా' అన్నారు. వెళ్ళాను." ఆమె తన అరచేయి చూసుకుంది. "చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. వదిలేసి పరిగెత్తాను. ఎందుకు వదిలేశానో తెలియదు."

"తల కింద తువ్వాలు నువ్వు పెట్టావా?"

"లేదు. చెయ్యి ఒక్కటే పట్టుకున్నాను."

"గరిటె?"

"ముట్టుకోలేదు."

"రాత్రి ఏం గొడవ?"

"గొడవ కాదు. ఆయన తరువాత గుడి నన్ను చూసుకోమన్నారు. ఆడవాళ్ళు కూడా చెయ్యొచ్చు, నేను రాయించి పెట్టాను, పరీక్షకి చదువుకో అన్నారు. నేను బయట నుంచి వచ్చినదాన్ని, ఈ ఇంట్లో పుట్టిన చిన్న మామయ్య గారు ఉండగా నాకెందుకు, నా వల్ల కాదన్నాను." ఆమె కుంపటిలోకి చూసింది. "అదే నేను ఆయనతో మాట్లాడిన ఆఖరి మాట."

"ఈ సంగతి కనామె గారికి తెలుసా?"

"నిన్న మధ్యాహ్నం మామయ్య గారే ఫోన్ చేసి చెప్పారు. అవతల ఏమన్నారో వినపడలేదు. ఈయన మాత్రం, 'ఈ అడవి ఖాళీ అయిపోతోందని దేవుణ్ణి పట్నానికి మోసుకెళ్ళేవాడికి నేనివ్వను' అని పెట్టేశారు."

కుజే గడియారం చూశాడు. "పదకొండున్నర. ఇవి కోర్టులో చెప్పుకోవచ్చు."

మినెగిషి బయటికి వచ్చి హత్తాని పిలిచాడు. "బస్సు డిపోకి ఫోన్ చెయ్యి. తొలి బస్సు కండక్టరమ్మాయిని పిలిపించు. కనామె గారు ఎక్కడ ఎక్కారో అడుగు."

"పట్నంలోనే కదా సార్ ఎక్కుతారు."

"అడుగు."

హత్తా తిరిగి వచ్చేసరికి అతని ముఖం మారిపోయి ఉంది. కుజేకి కూడా వినపడేలా చెప్పాడు. "బొగ్గుబట్టీల స్టాపులో ఎక్కారట సార్. అక్కడి నుంచి ఇక్కడికి ఒకటే స్టాపు. ఆయన అక్కడ ఎక్కటం ఎప్పుడూ చూడలేదంది. పంట్లాం మోకాళ్ళ దాకా తడిసి ఉంటే, సీటు పాడవుతుందని ఆ పిల్ల పేపరు పరిచిందట."

"బొగ్గుబట్టీలకి ఈ కొండ వెనక నుంచి దారుంది," అన్నాడు మినెగిషి.

"ఉంది సార్. ఊట పక్క నుంచే."

కుజే మళ్ళీ గడియారం చూసుకున్నాడు. "పొద్దున్నే నడక అలవాటేమో," అన్నాడు చివరికి. ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు.

ఇసోబే కనామె ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, నల్ల సూటు, తెల్లని చేతి రుమాలు. పట్నంలో గుడి పెద్దల సంఘానికి అధ్యక్షుడు. మినెగిషిని చూసి మర్యాదగా వంగి నమస్కరించాడు.

"మీ ఆవిడ సంగతి విన్నానండీ. చాలా విచారించాను. మీ దుఃఖంలో మా దుఃఖం కూడా పడింది."

"మీ అన్నగారు మా పెళ్ళి చేయించారు. రాకుండా ఉండలేకపోయాను."

"ఆ పిల్ల మీద మాత్రం కఠినంగా ఉండకండి. మంచిదే. కోపం కాస్త ఎక్కువ, అంతే."

"అలాగే. మీ ఇంట్లో అందరూ క్షేమమేనా? పెద్దవాళ్ళు?"

"దేవుడి దయ. మా అత్తగారికి తొంభై. మొన్న మా బావమరిది కూతురి పెళ్ళిలో పాముచేప రెండోసారి అడిగి వేయించుకుంది."

"అయితే ఈమధ్య మీ వైపు ఏ చావూ లేదు."

"లేదండీ. ఇదే మొదటిది."

"పొద్దున బస్సు దిగి ఎటు నుంచి వచ్చారు?"

"అందరూ వచ్చే దారినే."

"తొరీ కింద నుంచేనా?"

కనామె కొంచెం నొచ్చుకున్నట్టు చూశాడు. "పూజారి ఇంట్లో పుట్టినవాణ్ణి. ఇంకెలా వస్తానండీ? అప్పటికి నాకేమన్నా మైలా?"

"లేదు," అన్నాడు మినెగిషి. "అప్పటికి మైల లేదు. ఒకసారి బయటికి వద్దాం రండి. కుజే గారూ, మీరు కూడా."

తొరీ పక్కన మంచులో గొడుగులు వరసగా విచ్చుకుని ఉన్నాయి. నూనె కాగితపు గొడుగులు, నల్ల గొడుగులు, ఒకటి తోమె అవ్వది, ఊదారంగుది. వాటి మీద నీళ్ళు టపటపమని పడుతున్నాయి. హత్తా ఒక్కొక్కటే ఎత్తాడు.

"కుజే గారూ, ఈ కుడి స్తంభం దగ్గర చూడండి. ఇవి ఒరియే అడుగులు. పైకి వెళ్ళేటప్పుడు ఆగి, నమస్కరించి, కింద నుంచి వెళ్ళింది. ఆ క్షణంలో ఆమెకి ఇంట్లో చావు జరిగిందని తెలియదు. ఇప్పుడు ఇటు రండి. ఊట దగ్గర ఆయన్ని చూసి పరిగెత్తుకుంటూ దిగింది. ఎంత పరుగులో ఉందో చూడండి. అయినా ద్వారం దగ్గరకి వచ్చేసరికి పక్కకి తిరిగింది. ఆమె ఆలోచించుకుని తిరగలేదు. చిన్నప్పటి నుంచి కాళ్ళకి అలవాటు. ఎక్కేటప్పటికి తెలియదు, దిగేటప్పటికి తెలుసు. చంపిన మనిషైతే ఎక్కేటప్పుడే తెలిసి ఉండేది."

కుజే దగ్గరికి వచ్చాడు. వంగి చూస్తున్నాడు.

"ఇక తోలు బూట్లు. దిగిన వాటిని వదిలెయ్యండి. అప్పటికి ఊరందరికీ తెలుసు. ఎక్కిన వాటిని చూడండి. ఇక్కడ, ఈ ఒక్క గుర్తు. తోలు బూటు మడమ మీద గడ్డి బూటు పడింది. మడమ గుర్తు అడుగున ఉంది, గడ్డి అల్లిక పైన. అంటే ఈయన పైకి వెళ్ళాకే ఒరియే పరిగెత్తి దిగింది. ఆమె చూడకముందు, ఎవరూ చూడకముందు, ఈయన ఈ ద్వారం దగ్గరకి వచ్చి పక్కకి తిరిగారు."

నీటి చుక్క ఒకటి ఆ గుర్తు మీద పడింది. గడ్డి అల్లిక అంచు కరిగింది. హత్తా గబుక్కున గొడుగు మళ్ళీ పెట్టాడు.

"ఇందాక నేను అడిగినప్పుడు," అన్నాడు మినెగిషి, "దారిలో మంచు ఎక్కువగా ఉంది, అందుకని అంచున నడిచాను అని చెప్పి ఉండొచ్చు. నేను నమ్మేవాణ్ణేమో. కింద నుంచే వచ్చానని ఎందుకు చెప్పారు కనామె గారూ?"

కనామె తన అడుగుల్ని చూస్తున్నాడు. పరాయి మనిషి అడుగుల్ని చూస్తున్నట్టుగా.

కుజే గొంతు సవరించుకున్నాడు. "ఇది కోర్టులో నిలబడదు. నవ్వుతారు."

"నవ్వరు," అన్నాడు కనామె. "ఈ లోయవాళ్ళెవరూ నవ్వరు." తెల్ల రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఆ ద్వారం కింద నుంచి వెళ్ళకూడని రోజున వెళ్ళానని ఏడేళ్ళప్పుడు నాన్న నన్ను ఎండలో నిలబెట్టాడు. అన్నయ్య వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నిజం చెప్పనా? పక్కకి తిరిగినట్టు నాకు తెలియనే తెలియదు. అందరూ వచ్చాక దిగుతూ చూశాను, నా అడుగులు. అప్పటికి హత్తా ఇక్కడే ఉన్నాడు. ఏం చెయ్యగలను?"

కుజే పుస్తకం తెరిచాడు. కనామె నెమ్మదిగా, ఏమీ దాచుకోనట్టుగా చెప్పాడు. రాత్రి ఆఖరి బస్సులో బొగ్గుబట్టీల దగ్గర దిగాడు. ఖాళీ గుడిసెలో కూర్చున్నాడు. నాలుగింటికి అన్న ఒంటరిగా ఊట దగ్గరకి వస్తాడని తెలుసు. కోడలి ముందు కాకుండా, అన్నదమ్ములుగా మాట్లాడుకోవాలని వచ్చాడు. మాట మాట పెరిగింది. ఈ ఇంటి రక్తం లేనిదానికి దేవుణ్ణి అప్పజెబుతావా అన్నాడు. ఆమె చేతుల్లో దేవుడు ఈ అడవిలోనే ఉంటాడు అన్నాడు అన్న. చెయ్యి పట్టి లాగాడు, అన్న విదిలించుకున్నాడు, ఇతను తోశాడు. తొట్టి పక్కన నాచు మీద అన్న కాలు జారింది.

"చంపాలని రాలేదు. దేవుడి మీద ఒట్టు. భయమేసి వెంటనే పారిపోయాను."

"ఈ అమ్మాయిని తీసుకుపోతామంటే ఎందుకు ఊరుకున్నారు?" అన్నాడు కుజే.

కనామె రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కుజే రాయటం ముగించాడు. "తోపులాటలో ప్రమాదం. సరే." అతని గొంతులో తేలిక వినిపించింది. కేసు మారినా పన్నెండింటి జీపు మాత్రం మారలేదు.

"ఒక్క మాట అడగాలి," అన్నాడు మినెగిషి.

"ఇంకా ఏముందండీ?"

ఆయన కుజే వైపు చూడలేదు. "వెంటనే పారిపోయానన్నారు. అప్పటికి మీ అన్నగారు బతికి ఉన్నారా?"

"ఉన్నాడు. మూలుగుతున్నాడు. లేచి ఇంటికి వెళతాడులే అనుకున్నాను. ఎవరైనా వస్తారనుకున్నాను."

"అయితే పొద్దున మళ్ళీ ఈ ద్వారం దగ్గరకి వచ్చేసరికి, ఆయన బతికున్నారో లేదో మీకు తెలియకూడదు."

దేవదారు పైనుంచి మంచు గడ్డ ఒకటి జారి ఎక్కడో మెత్తగా పడింది.

"తెలియని మనిషి కింద నుంచే వెళతాడు కనామె గారూ. బతికున్నాడేమోనన్న ఆశ గోరంత ఉన్నా కింద నుంచే వెళతాడు. పక్కకి తిరిగితే ఆ ఆశ పోయినట్టే. నాకు తెలుసు. మా ఆవిడ ఊపిరి ఆగిందని డాక్టరు చెప్పాక కూడా నేను ఆ పూట మా వీధి గుడి తొరీ కింద నుంచే నడిచాను." ఆయన ఊట ఉన్న వైపు చూశాడు. "మీరు పక్కకి తిరిగారు. ఆయన తల కింద తువ్వాలు మడతలన్నీ తడిసి ఉన్నాయి. చచ్చిపోయిన మనిషి తల నుంచి అంత రక్తం కారదు. ఆ గరిటె ఆయన చేతి పక్కకి తనంతట తను రాదు. ఆకులు అణిగి ఉన్నాయి. మీరు పారిపోలేదు. కూర్చున్నారు."

కుజే పెన్సిలు ఆగిపోయింది.

కనామె మంచులోనే కూర్చుండిపోయాడు. ఎవరూ పట్టుకోలేదు.

"చలిగా ఉందన్నాడు," అన్నాడు. "తువ్వాలు పెట్టాను. నీళ్ళు అడిగాడు. ఇచ్చాను. రెండు గుక్కలు తాగాడు."

"ఇల్లు ఇక్కడే ఉంది. లోపల ఫోనుంది."

"ఉంది."

"ఎంతసేపు?"

"మంచు పలచబడేదాకా. ఇక ఆగితే నా అడుగులు మిగిలిపోతాయనిపించింది. అప్పటికి... అయిపోయింది."

ఆ మాటలో ఎంతసేపు ఉంటుందో మినెగిషికి తెలుసు. పక్కన కూర్చున్న మనిషికి అది ఎంత పొడుగు ఉంటుందో కూడా తెలుసు. భార్య మంచం పక్కన చెయ్యగలిగింది ఏమీ లేక కూర్చున్నవాడు ఆయన. ఈ మనిషికి చెయ్యగలిగింది ఉంది.

"మీ అన్నగారు ఏమన్నా అడిగారా? నీళ్ళు కాక?"

కనామె తల ఎత్తలేదు. "ఒరియేని పిలవమన్నాడు. మళ్ళీ మళ్ళీ అదే. 'ఒరియేని పిలు, ఒరియేని పిలు' అని. పిలిస్తే ఆయన బతుకుతాడు. బతికితే..." అతను గుప్పిట నిండా మంచు పట్టుకున్నాడు. "వస్తోంది అన్నాను. వస్తోంది అన్నయ్యా, దారిలో ఉంది అన్నాను. ఆ మాట విని ఊరుకున్నాడు."

కుజే అంతకుముందు రాసిన పేజీ చూసుకుని, దాన్ని అడ్డంగా కొట్టేశాడు. పెన్సిలు ములుకు విరిగింది. ఎవరినీ చూడకుండా హత్తా దగ్గర పెన్సిలు అడిగి తీసుకున్నాడు. తరువాత కనామెని రెక్క పట్టుకుని లేవదీశాడు. జీపు వైపు తీసుకువెళ్ళేటప్పుడు, తెరిచి ఉన్న గొడుగుల్ని తొక్కకుండా ఎడంగా నడిచాడు.

ఇంటి గుమ్మంలో ఉన్న పోలీసు ఎప్పుడు కదిలాడో ఎవరూ చూడలేదు. ఒరియే గొడుగుల అవతల నిలబడి ఉంది. కాళ్ళకి బూట్లు లేవు. ఎంతవరకు విన్నదో ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాడు మినెగిషి.

"మామయ్య గారు నన్ను పిలిచారా?" అంది.

లేదని చెప్పొచ్చు. ఆయన ఆ మాట నోటిదాకా తెచ్చుకుని, ఆపుకున్నాడు. ఆయన భార్య చిసాతో, బళ్ళో పిల్లలకి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"పిలిచారు," అన్నాడు. "నువ్వు దారిలో ఉన్నావనే అనుకున్నారు."